పిట్టల గిన్నెకు ఎదురుగా అద్దం

మా మామయ్యను షాపుకు వచ్చేవాళ్ళంతా నిదానం అని పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన ఏమీ అనుకోడు. జుట్టు కత్తిరించడం ఆయన పని. దువ్వెనతో కాస్త పైకి లేపి, కత్తెరతో కొస మాత్రం తీసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసుకుంటాడు. మళ్ళీ ముందుకొచ్చి ఇంకాస్త తీస్తాడు. ఈయన కుడి పక్క పూర్తి చేసేసరికి ఎడమ పక్క మళ్ళీ పెరుగుతుందని మా వీధిలో ఒక వేళాకోళం. ఎవరైనా తొందరపెడితే, "తీసేసింది మళ్ళీ అతికించలేను కదండీ, కొంచెం కొంచెమే తియ్యాలి" అంటాడు. ఆ మాట వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది.

ఆయన భార్య, మా అత్తయ్య, మా నాన్నకు అక్క. వాళ్ళకు పిల్లల్లేరు. అందుకని చిన్నప్పటి నుంచి నన్నే ఇద్దరూ పంచుకున్నారు. ముద్దు చెయ్యడం మామయ్య వంతు, తిట్టడం అత్తయ్య వంతు. నాకు ముక్కు మీదే కోపం కాబట్టి మామయ్య నన్ను మిరపకాయ అంటాడు. నేనుండేది పక్క వీధిలో. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు తూచి చీటీలు అంటించే ఉద్యోగం. ఆఫీసుకు వెళ్ళే ముందూ, వచ్చాకా వాళ్ళింటికి వెళ్ళకపోతే నాకు తోచదు.

ఇల్లు షాపు వెనకే. వీధి వైపు షాపు, దాని వెనక ఒక పెద్ద గది, పక్కన వంటిల్లు, ఆ వెనక చిన్న పెరడు. షాపులో రెండు కుర్చీలున్నాయి. రెండోది ఎప్పుడో ఒక మనిషిని పనికి పెట్టుకుందామని కొన్నది. మామయ్య పద్ధతికి ఓర్చుకునే మనిషి దొరక్క, అది పాత పేపర్లకు సింహాసనమైపోయింది.

మామయ్య ఎంత నిదానమో అత్తయ్య అంత జోరు. ఆవిడ కాళ్ళకు చక్రాలున్నాయనేవాళ్ళు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అవి కాగేలోపు షాపు ఊడ్చి, తువ్వాళ్ళు ఉతికి ఆరేసి వచ్చేది. పెరట్లో ఇటుకలు పేర్చి, షాపులో పనికిరాని వెడల్పాటి పింగాణీ గిన్నె ఒకటి వాటి మీద పెట్టి, రోజూ పొద్దున్నే పిట్టలకు నీళ్ళు పోసేది. ఒక రోజు ఆ నీళ్ళ చెంబుతోనే గడప దాటుతూ తడి మెట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళకు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతికింది, ఇక నడవడమే తరువాయి అన్నాడు. అత్తయ్య నడవలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చి కాలు వంచి, చాచి, లేపి నిలబెట్టేది. చెరో రెక్కా పట్టుకుంటే నిలబడేది కూడా. కానీ పక్కనే ఉన్న పెరటి తలుపు కనబడగానే మోకాళ్ళు వదిలేసి మంచం మీద కూలబడేది. "మళ్ళీ పడితే?" అనేది. అది తప్ప వేరే మాట లేదు. ఇల్లంతా గిరగిరా తిరిగిన మనిషి గోడకేసి తిరిగి పడుకుంటే చూడడం నావల్ల కాలేదు. కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. కోపం ఒక్కటే బయటికి చూపించేదాన్ని.

మామయ్య తీరు వేరు. మధ్యలో షాపు వదిలి లోపలికొచ్చి, మంచం పక్కన కాసేపు నిలబడి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. పెరట్లో గిన్నె ఎండిపోయి, అడుగున ఆకులు చేరాయి. దాన్ని చూస్తే ఆయనకు దిగులు. ఈ సంగతి ఒక రోజు గడ్డం గీయించుకోవడానికి వచ్చిన కరెంటు సామాన్ల కొట్టాయనతో చెప్పుకున్నాడు. ఆయన మర్నాడు ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. అందులో అరచేతి కన్నా కాస్త పెద్దదైన నల్లటి బిళ్ళ ఉంది. గిన్నెలో వేస్తే తేలుతుంది, ఎండ తగలగానే నడుమ ఉన్న చిన్న గొట్టంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతుంది. సోలార్ ఫౌంటెన్ అట. తీగ అక్కర్లేదు, స్విచ్చి అక్కర్లేదు.

"కదిలే నీళ్ళ చప్పుడుకు పిట్టలు ఎక్కడున్నా వస్తాయట" అని మామయ్య నాతో గొప్పగా చెప్పాడు. "అవి వస్తే మీ అత్తయ్య లేస్తుంది."

ఆయన లెక్క అంత సులువుగా ఉంది. పిట్టలు మాత్రం రాలేదు. నీళ్ళు జానెడెత్తున ఎగురుతున్నాయి, ఎండలో తళతళలాడుతున్నాయి. ఒక కాకి ప్రహరీ మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పి చూసి, ఎగిరిపోయింది. మామయ్య మొహం చిన్నబోయింది. రోజూ గిన్నె కడిగి, కొత్త నీళ్ళు నింపి, తలుపు చాటున నిలబడి చూసేవాడు. ఒక్క పిచ్చుక కూడా దిగలేదు.

ఆ చిక్కు విప్పింది అత్తయ్యే. పెరటి తలుపు తీసి ఉన్న ఒక పొద్దున మంచం మీద నుంచి మూలిగినట్టు అంది.

"ఏవండీ, ఆ గిన్నె దేంతో కడుగుతున్నారు?"

"మందుతోనే. కత్తులు నానబెట్టే మందు. శుభ్రంగా ఉండాలి కదా."

"వాసన ఇక్కడికి కొడుతోంది. అవి స్నానానికి వస్తాయి గానీ మీ దగ్గర గడ్డం గీయించుకోవడానికి వస్తాయా?"

మామయ్య, నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పడిన తర్వాత ఆవిడ వేళాకోళం చెయ్యడం అదే మొదలు. ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళి, గిన్నెను వట్టి పీచుతో, వట్టి నీళ్ళతో ఎన్నిసార్లు తోమాడో నాకు తెలియదు. తేలే బిళ్ళ అంచుకు జరిగి నీళ్ళన్నీ బయట పోస్తుంటే, దాని చుట్టూ గులకరాళ్ళు పేర్చి నడుమ నిలబెట్టాడు. గొట్టానికి పెట్టే మూతల్లో నీళ్ళు తక్కువ ఎత్తు ఎగిరేది ఏరి పెట్టాడు. అత్తయ్య జారిన చోట తడి నిలవకూడదని మెట్టు నున్నదనమంతా చెక్కించి, కింద సన్న కంకర పరిచాడు.

ఆ తర్వాత పిచ్చుకలు వచ్చాయి. ముందు ఒకటి, దాని వెనక గుంపంతా. గోరింకలు రెండు వచ్చి వాటిని తరిమి, గిన్నె తమ సొంతమైనట్టు రెక్కలు టపటపలాడించి స్నానం చేశాయి. మబ్బు అడ్డం వస్తే ఫౌంటెన్ ఆగిపోయేది. అప్పుడవి తలెత్తి, ఎవరో కుళాయి కట్టేసినట్టు చిరాగ్గా చూసేవి.

అత్తయ్యకు ఇవన్నీ వినబడతాయి, కనబడవు. ఆవిడ మంచం పెరటి తలుపు ఉన్న గోడకే ఆనించి ఉంటుంది. పడుకుంటే ఎదురు గోడ తప్ప ఏమీ కనిపించదు. "ఏం చేస్తున్నాయి?" అని అడిగేది. మామయ్య తలుపు దగ్గర నిలబడి చెప్పేవాడు. "వచ్చాయి. తాగాయి. వెళ్ళాయి." ఆయన వర్ణన అంతే. అత్తయ్య నెత్తి కొట్టుకునేది.

అప్పుడు మామయ్యకు ఆయన బుర్రలో మాత్రమే పుట్టగల ఆలోచన పుట్టింది. షాపులో ఒక పాత అద్దం ఉంది. మూల కాస్త పగిలిందని తీసి పక్కన పెట్టినది. ఎటు కావాలంటే అటు తిరిగేలా ఇనప చేతికి బిగించి ఉంటుంది. దాన్ని తెచ్చి మంచానికి ఎదురు గోడకు కొట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, ముందుకొచ్చి సర్ది, మళ్ళీ వెనక్కి వెళ్ళి, చివరికి అత్తయ్య తల పక్కన తన తల ఆనించి చూశాడు. తెరిచిన తలుపు, పెరడు, ఇటుకల మీద గిన్నె, ఎగిరే నీళ్ళు, నీళ్ళలో పిచ్చుక, అన్నీ అద్దంలోకి వచ్చేశాయి. జీవితమంతా జనానికి వాళ్ళ తల వెనక భాగం అద్దం పెట్టి చూపించిన మనిషి, పెళ్ళానికి గోడ వెనక భాగం చూపించాడు.

అత్తయ్య నవ్వింది. మామయ్య కళ్ళు తుడుచుకుని, వెంట్రుక పడిందన్నాడు.

ఇక్కడితో కథ సుఖంగా ముగియాలి. ముగియలేదు. ఎందుకంటే అత్తయ్యకు ఇక లేవాల్సిన అవసరమే లేకుండా పోయింది. దిండు మీద తల ఆనించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దమే చూసేది. ఏ పిచ్చుక గయ్యాళిదో, ఏ గోరింక పిరికిదో ఆవిడకు కంఠతా వచ్చేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి లేవమంటే, "ఉండమ్మా, ఒంటికన్ను గోరింక ఇప్పుడే దిగింది" అనేది.

ఒక రోజు ఆ అమ్మాయి మామయ్యను షాపులోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"అంకుల్, మీరు ప్రేమతోనే చేశారు. కానీ ఆ అద్దం పెట్టి ఆవిడని మంచానికి కట్టేశారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే పడుకుంటే కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు నేనొచ్చినా ఎవరొచ్చినా చేసేదేం ఉండదు. ఇక మంచమే."

మామయ్య చేతిలో తువ్వాలు మడత పెడుతూనే ఉన్నాడు. మడిచినదే విప్పి మళ్ళీ మడిచాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. నేరుగా లోపలికెళ్ళి ఆ అద్దం గోడ నుంచి ఊడదీసి షాపులో పెట్టేశాను. అత్తయ్య నన్ను తిట్టలేదు. గోడకేసి తిరిగి పడుకుంది. ఆ పూట భోజనం ముట్టలేదు. నన్ను తిట్టకుండా ఆవిడ ఉండడం నా బతుకులో అదే మొదటిసారి, నాకు భయం వేసింది. సాయంత్రం మామయ్య అద్దం తెచ్చి మళ్ళీ తగిలించాడు.

"అలా ఒక్క కోతలో తీసెయ్యకూడదే మిరపకాయా" అన్నాడు నాతో, బయటికొచ్చాక.

ఆ మాటకు అర్థం నాకు కొన్నాళ్ళ తర్వాత తెలిసింది. ఒక రోజు మామూలు కన్నా పెందలాడే వెళ్ళాను. అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. మామయ్య అద్దం ముందు నిలబడి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, అద్దం అంచును వేలితో రవ్వంత పైకి నెట్టాడు. చెవి పక్క జుట్టు సర్దేటప్పుడు ఆయన నాలుక అలాగే బయటికొస్తుంది. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పాడు.

"రోజూ ఇంత. అంతే. నిన్నటి దాకా పడుకుంటే గిన్నె కనబడింది. ఇవాళ కాస్త తలెత్తితే గానీ అంచు కనబడదు. రేపు ఇంకాస్త."

"కనిపెడితే?"

"ఎలా కనిపెడుతుంది? ఒక్కసారే పొట్టిగా కత్తిరిస్తే ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారు. రోజూ ఒక వెంట్రుక తీస్తే ఎవరికి తెలుస్తుంది?"

నాకు ఆయన పద్ధతి మీద మొదటిసారి గౌరవం కలిగింది. ఆ రోజు అత్తయ్య దిండు కింద ఇంకో దిండు అడిగింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంది. కొన్నాళ్ళకు కాళ్ళు కిందికి వేసి మంచం అంచున కూర్చుని చూడసాగింది. "ఈ అద్దం మేకు వదులైనట్టుందండీ" అనేది. "అలాగా, చూస్తాలే" అనేవాడు మామయ్య, అమాయకుడిలా. ఫిజియోథెరపీ అమ్మాయి కాలు వంచి చూసి, మెత్తబడుతోంది, ఏం చేస్తున్నారు అని అడిగింది. మామయ్య పైకి చూశాడు. నేను కిందికి చూశాను.

ఈలోగా ఆయన ఇంకో పని చేశాడు. షాపులో ఆ రెండో కుర్చీ చేతుల్లో ఒకటి ఊడదీసి, పెరటి తలుపు పక్కన నడుమెత్తున గోడకు గట్టిగా బిగించాడు. మెట్టు దిగేటప్పుడు పట్టుకోవడానికి. పేపర్లు చదవడానికి వచ్చేవాళ్ళు కుర్చీకి చెయ్యి విరిగిందేమని అడిగితే, సెలవు మీద వెళ్ళింది, వస్తుంది అనేవాడు.

అంతా సవ్యంగా సాగుతోందనగా ఒక రోజు తగాదా వచ్చింది. నేను వెళ్ళేసరికి మామయ్య షాపులో ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఆయనకు కోపం రావడం ఎంత అరుదో, వస్తే అంత అందవికారంగా ఉంటుంది.

"నీకు తొందరెక్కువని తెలుసు. కానీ ఇది నీ పార్సిల్ కాదే, విసిరెయ్యడానికి."

"ఏం చేశాను?"

"అద్దం. నేను పెట్టిన చోట లేదు. బాగా తిప్పేశావు. ఇప్పుడు గది నడుమ కుర్చీలో కూర్చుంటే తప్ప గిన్నె కనబడదు. మంచం దిగి అంత దూరం ఎలా వస్తుంది? భయపడి మళ్ళీ గోడకేసి తిరిగితే?"

"నేను ముట్టుకోలేదు మామయ్యా."

"మరి అద్దం తనంతట తనే తిరిగిందా?"

నేను ఎంత చెప్పినా నమ్మలేదు. అంతకుముందు అద్దం ఊడదీసిందాన్ని నేనే కదా. నాకు ఉక్రోషం పొడుచుకొచ్చి, ఇక మీ ఇంటి గుమ్మం తొక్కనని చెప్పి వెళ్ళిపోయాను. మర్నాడే మళ్ళీ వెళ్ళాననుకోండి, అది వేరే సంగతి. మామయ్య అద్దాన్ని వెనక్కి తిప్పబోతే అత్తయ్యే వద్దందట. "ఉండనివ్వండి, చేతికర్ర పట్టుకుని కుర్చీ దాకా వస్తాను" అందట. వచ్చింది కూడా. మామయ్య ఒక పక్క, గోడ ఒక పక్క. ఆయన సంతోషంలో నాకు క్షమాపణ చెప్పడం మరిచిపోయి, తిప్పితే తిప్పావులే, కలిసొచ్చింది అన్నాడు. నేను తప్పు చెయ్యకపోయినా నన్ను క్షమించేశాడు. నాకు మరీ మండింది.

ఇక మిగిలింది గడప. కుర్చీ తలుపు పక్కకు చేరింది గానీ, ఆవిడ గడప వైపు చూసేది కాదు. తలుపు పక్కనే కూర్చుని, తల తిప్పితే కళ్ళెదుటే ఉండే పెరటిని, పని కట్టుకుని ఎదురు గోడ మీది అద్దంలో చూసేది. ఫిజియోథెరపీ అమ్మాయి పెదవి విరిచింది. ఈ గడప దాటితే చాలు, దాటకపోతే ఇల్లే జైలు అంది.

ఆదివారం షాపు నిండుగా ఉంటుంది. మామయ్య కుర్చీలో లావుపాటి పెద్దమనిషి ఒకాయన మొహమంతా నురగతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒక చెంప అయింది, రెండోది మిగిలింది. నేను తువ్వాళ్ళు మడుస్తున్నాను. లోపల నుంచి అత్తయ్య గొంతు వినబడింది.

"ఏవండీ, నీళ్ళు ఎగరడం లేదు."

"మబ్బు పట్టిందేమోనే."

"ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఈకేదో గొట్టానికి అడ్డం పడినట్టుంది. పిచ్చుకలు చుట్టూ కూర్చుని చూస్తున్నాయి."

"వస్తున్నా. చేతిలో కత్తి ఉంది. ఒక్క చెంప."

ఒక్క చెంప అంటే ఆయన లెక్కలో చాలాసేపు. నేను వెళ్దామని లేచాను. ఈలోగా లోపల చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు వినబడింది. ఒకటి, ఆగి ఇంకొకటి. మామయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. కత్తి బల్ల మీద పెట్టి లోపలికి పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం నేను చూడడం అదే మొదలు. వెనకే నేను, నా వెనక మెడకు గుడ్డ కట్టుకున్న పెద్దమనిషి.

అత్తయ్య గడప మీద నిలబడి ఉంది. ఒక చేత్తో గోడకు బిగించిన కుర్చీ చెయ్యి పట్టుకుంది. కాళ్ళు వణుకుతున్నాయి. మామయ్య దగ్గరికెళ్ళి పట్టుకోబోతే తల అడ్డంగా ఊపింది.

"ముందు ఆ పిల్లకు చెప్పండి, తప్పయిందని. ఆ రోజు అద్దం తిప్పింది అది కాదు."

"మరెవరు?"

"నేనే."

మామయ్య అర్థం కానట్టు చూశాడు. మంచం వైపు చూశాడు. గది అవతల గోడ మీద అద్దం వైపు చూశాడు. మంచం నుంచి ఆ గోడ దాకా ఆయన కళ్ళు మెల్లగా నడిచి వెళ్ళాయి.

"అంత దూరం..." అన్నాడు. "ఒక్కదానివే?"

"మీరు షాపులో ఉన్నప్పుడు. గోడ పట్టుకుని. తిరిగి మంచం దగ్గరికి వచ్చేసరికి చెమటలు పట్టేశాయి. నేను పడలేదు."

"మరి నేను తిప్పేది నీకు..."

"మొదటి రోజు నుంచీ తెలుసు. నలభై ఏళ్ళు అద్దాల ముందు బతికారు, ఆ మాత్రం తెలియదా మీకు? అద్దంలో మీరు గిన్నె చూసుకుంటుంటే, నేను రెప్పల సందులోంచి మిమ్మల్ని చూస్తున్నాను. నాలుక బయట పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, రోజూ అంత నిదానంగా తిప్పుతుంటే, లేవకుండా ఎలా పడుకోను?"

మామయ్య ఒక అడుగు ముందుకేశాడు. చెయ్యి చాచాడు. అత్తయ్య ఒక చేత్తో ఆయన్నీ, ఇంకో చేత్తో కుర్చీ చేతినీ పట్టుకుని మెట్టు దిగింది. కంకర కాళ్ళ కింద కరకరమంది. పిచ్చుకలు ప్రహరీ మీదికి ఎగిరి అక్కడి నుంచి చూశాయి. అత్తయ్య గిన్నె మీదికి వంగి గొట్టంలో ఇరుక్కున్న ఈకను రెండు వేళ్ళతో లాగింది. నీళ్ళు చివ్వున లేచి ఆవిడ మొహం మీద పడ్డాయి. తుడుచుకోలేదు. చాలా రోజుల తర్వాత నన్ను తిట్టింది.

"అలా నిలబడి చూస్తావేంటే, కుర్చీ తీసుకురా."

నేను ఏడుస్తూ కుర్చీ తెచ్చాను. మామయ్య నాకు తప్పయిందని చెప్పబోయాడు. సరేలే అన్నాను.

షాపులోకి తిరిగొచ్చాక ఆయన కత్తి చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి గజగజ వణుకుతోంది. పెద్దమనిషి ఆ చేతినీ, అద్దంలో తన మెడనూ మార్చి మార్చి చూసుకున్నాడు. తర్వాత తువ్వాలుతో నురగ తుడుచుకుని, రేపొస్తానులే నిదానం అని, ఒక చెంప గడ్డంతోనే ఇంటికి వెళ్ళిపోయాడు.